నాలుగో పాయింటు

చర్లపల్లి ఫేజ్ త్రీలో
అట్టపెట్టెల కంపెనీకీ బిస్కెట్ల గోదాముకీ నడుమ
గంటకు మూడొందల కిలోమీటర్లు పోయే కారు తయారవుతుందంటే
మా గల్లీలో ఎవరూ నమ్మరు.
నమ్మించే పని నేనూ పెట్టుకోలేదు.
అది గేటు దాటేది లారీ మీదే,
కుషాయిగూడ స్పీడ్ బ్రేకర్ ఎక్కితే పొట్ట గీరుకుపోతుంది.

నా పని సత్తార్ మేస్త్రి చేతిని రాసుకోవడం.
మేస్త్రి తలుపులు బిగిస్తాడు. అంతే.
ఎడమది, కుడిది, రోజుకు ఒక్క కారు.
అఫ్జల్‌గంజ్‌లో టాక్సీల సొట్టలు తీస్తూ మొదలైనవాడు,
లేజర్ గేజ్ పక్కనే ఉన్నా
చొక్కా జేబులోంచి పాత ఆర్టీసీ టికెట్టు తీసి సందులో దూరుస్తాడు.
పైనుంచి కిందికి అది జారే తీరు చూసి
స్క్రూ పావు తిప్పు తిప్పుతాడు.
"మెహదీపట్నం టికెట్టు బిడ్డా, దీనికి అబద్ధం రాదు."

నేను రోబో చెయ్యి పట్టుకుని
ఆయన చెయ్యి పోయిన చోటికల్లా నడిపించాను,
పలక మీద అ ఆలు దిద్దించినట్టు.
ఒకటో పాయింటు కీలు దగ్గర.
రెండు, అంచు కింద అరచెయ్యి.
మూడు, వెంట్రుకవాసి పైకి.
నాలుగో పాయింటులో మేస్త్రి ఆగేవాడు.
తలుపు సగం మూసి, గాలిలో, ఒక ఊపిరంత సేపు.
ఆ తర్వాతే నెట్టేవాడు.
నిండు బియ్యం డబ్బా మీద మూత పడ్డట్టు
పడేది తలుపు.

ఆ ఆగడంలోనే ఉంది విద్యంతా అనుకున్నాను.
తలుపు తన బరువు చెబుతుంటే వింటున్నాడనుకున్నాను.
రిపోర్టులో దాని గురించే రెండు పేజీలు.
రోబోకీ నేర్పాను:
ఒకటి పాయింటు ఎనిమిది సెకన్లు.

జూన్‌లో పసుపురంగు కంచె వేశారు.
రోజుకు పన్నెండు కార్లు.
బ్రోషర్‌లో 'చేత్తో చేసినది' అన్న మాట ఉంచాలా తీసేయాలా అని
గంటన్నర మీటింగు.
స్టీరింగ్ తోలు ఇంకా పుష్పలీలే కుడుతోంది గనక
ఉంచారు.

ఓ మధ్యాహ్నం మేస్త్రి వచ్చాడు చూడ్డానికి.
బయటికొచ్చిన కారు తలుపు సందులో టికెట్టు జార్చాడు,
పైనా నడుమా కిందా ఒక్కటే.
"నాకన్న మంచిగ చేసింది."
కళ్లలో నీళ్లు తిరుగుతాయేమో అని నేను చూపు తిప్పుకున్నాను గానీ
ఆయన పొట్లం విప్పి సమోసా తింటున్నాడు.

అప్పుడే కంచె లోపల
రోబో నాలుగో పాయింటు దగ్గర ఆగింది.
మేస్త్రి నమలడం ఆపాడు.
"గదెందుకు ఆగింది?"
మీరు ఆగేవారు కదా, అన్నాను.
కంచె పట్టుకుని వంగిపోయి నవ్వాడు, దగ్గొచ్చేదాకా.
"అది పనితనం గాదు బిడ్డా, నా కుడి భుజం.
తొంభై ఎనిమిదిల జాకీ జారి దిగిన నొప్పి.
చెయ్యి గాడికొస్తే పట్టేస్తది.
వదిలేదాక నిలవడ్త."

ఆ రాత్రి షిఫ్టులోనే తీసేశాను.
మేనేజర్ ఏడాది మొత్తానికి లెక్కగట్టి
మూడున్నర గంటలు మిగిలాయన్నాడు, సంబరంగా.
తలుపు చప్పుడు మారిందని రాయాలని ఉంది నాకు.
మారలేదు.
అదే బియ్యం డబ్బా, అదే మూత.

మేస్త్రి మంగళవారాలు ఉస్మానియాకు పోతున్నాడు,
భుజానికి కరెంటు పెట్టించుకోవడానికి.
కొంచెం సాగుతోందట ఇప్పుడు.
టికెట్టు నాకిచ్చాడు. అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి,
మెహదీపట్నం అని ఆయన అంటేనే తెలిసేది.

నిన్న బీరువా మూస్తుంటే
సగంలో నా చెయ్యి ఆగింది.
నొప్పేం లేదు.
"ఏం మర్చిపోయినవే?" అంది అమ్మ వంటింట్లోంచి.
ఏం లేదని చెప్పి
ఇంకాస్త సేపు అట్లాగే నిలబడి
మూశాను.